తీర్మానం పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

గిరిజనుల సంగతి వచ్చినప్పుడు చదువుకున్న మన నోట రెండే రెండు పాటలు వినిపిస్తాయి. ఒకటి, ప్రభుత్వం కొండమీది వాళ్ళకి ఏమీ ఇవ్వడం లేదని. రెండోది, ప్రభుత్వం అంతా వాళ్ళకే ఇస్తోంది గానీ వాడుకోవడం వాళ్ళకే చేతకాదని. మొదటి పాట సభలో పాడతాం, రెండోది సభ ముగిశాక కాంటీన్లో పాడతాం. ఈ రెండు పాటలూ అబద్ధమేనని నా మనవి. డబ్బు మంజూరవుతూనే ఉంది. వాళ్ళు వాడుకోవడం చేతకాని జనమూ కాదు. అయితే మంజూరైన రూపాయికీ, దాన్ని అనుభవించవలసిన మనిషికీ నడుమ కాగితాల మెట్లవరస ఒకటుంది. ఆ మెట్ల మీద ఎవరు కూర్చుని ఉన్నారన్నదే అసలు ప్రశ్న.

నేను ఈ కళాశాలలోనే కామర్సు చదువుకుని, లెక్కలు తనిఖీ చేసే వృత్తిలో పడ్డవాణ్ణి. కొన్నేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా అనంతగిరి, అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట మండలాల గూడేల్లో తిరుగుతున్నాను. నాకు కవిత్వం రాదు, విప్లవమూ రాదు. నాకు తెలిసింది జమా, ఖర్చు, నిల్వ. ఆ మూడు మాటల మీదే ఈ వ్యాసం.

ముందు డబ్బు సంగతి చూద్దాం. షెడ్యూల్డు ప్రాంతాల పరిపాలన మెరుగు పరచడానికీ, గిరిజనుల సంక్షేమానికీ కేంద్రం రాష్ట్రాలకు గ్రాంటు ఇవ్వాలని రాజ్యాంగం 275(1) అధికరణంలోనే రాసి ఉంది. అటవీ ఫలసాయాన్ని న్యాయమైన ధరకు కొని, ఉప్పూ పప్పూ సరసమైన ధరకు అమ్మి, షావుకార్ల పీడ వదిలించడానికని 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. అయిదో పంచవర్ష ప్రణాళిక (1974–79) కాలంలో గిరిజన ఉపప్రణాళిక వచ్చింది. పాడేరులోని ఐ.టి.డి.ఎ. వంటి సంస్థలు ఆ ఆలోచనలోంచి వచ్చినవే. జనాభా దామాషా ప్రకారం బడ్జెట్టులో వాటా కేటాయించి తీరాలని 2013లో మన రాష్ట్రంలో చట్టమే చేశారు. దాని గడువు పదేళ్ళు. 2023లో మరో పదేళ్ళు పొడిగించారు. 2011 జనగణన ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనులు సుమారు 27 లక్షలు, అంటే నూటికి అయిదున్నర మంది. బడ్జెట్టులో ఆ పాటి వాటా అంటే చిన్న మొత్తం కాదు.

పైనుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. అత్యంత వెనుకబడిన గిరిజన తెగల కోసం 2023 నవంబరు 15న కేంద్రం పి.ఎం. జన్‌మన్ పథకం మొదలుపెట్టింది. దాని మొత్తం 24,104 కోట్ల రూపాయలు. మన కొండల్లోని గదబలు, పోర్జలు, కోందుల్లో కొన్ని తెగలు ఆ జాబితాలో ఉన్నవే. 2024 అక్టోబరు 2న ధర్తీ ఆబా పేరిట మరో పథకం వచ్చింది. 79,156 కోట్లు, 17 మంత్రిత్వ శాఖలు. అంకెలు చదువుతుంటే కళ్ళు తిరుగుతాయి. ఇంత డబ్బుండీ వానాకాలంలో నిండు గర్భిణిని డోలీ కట్టి కొండ దింపవలసిన గూడేలు ఇంకా ఉన్నాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే ఇక్కడ పూజారి ఒక్కడు కాడు. మెట్టుకొకడున్నాడు.

ఆ మెట్లేమిటో ఒకసారి లెక్కపెడదాం. కొండ మీద ఊట ఉంది. ఊట నుంచి గూడేనికి పైపు వేస్తే ఆడవాళ్ళకి రోజుకి నాలుగు సార్లు కొండెక్కే బాధ తప్పుతుంది. మన ఏజెన్సీలో దీన్ని గ్రావిటీ పథకం అంటారు. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, నీళ్ళు వాటంతటవే దిగి వస్తాయి. దీనికి మొదట గ్రామసభ తీర్మానం కావాలి. తరువాత ఇంజనీరు అంచనా. తరువాత పరిపాలనా మంజూరు. దాని మీద సాంకేతిక మంజూరు. తరువాత పని ఎవరికివ్వాలో నిర్ణయం. పని జరుగుతుంటే కొలతల పుస్తకం, అంటే ఎం. బుక్కు. కూలీలకు మస్టరు, సామానుకు వోచర్లు. ఆపైన బిల్లు. అన్నిటికీ చివర, ఇచ్చిన డబ్బు ఇచ్చిన పనికే ఖర్చయిందని చెప్పే వినియోగ ధ్రువపత్రం, ఆఫీసు భాషలో యు.సి. ఈ చివరి కాగితం పోకపోతే తరువాతి విడత డబ్బు రాదు.

గూడెంలో మాట్లాడేది కువి కావచ్చు, గదబ కావచ్చు, పదిమంది కలిస్తే అడివి ఒరియా. తీర్మానం రాసేది తెలుగులో. అంచనా వేసేది ఇంగ్లీషులో. మెట్టు ఎక్కేకొద్దీ భాష మారిపోతూ ఉంటుంది. ఊట ఎక్కడుందో, ఏ నెలలో ఎండుతుందో, ఏ బండ మీదుగా పైపు పోకూడదో తెలిసిన మనిషి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. ఆ పై మెట్లన్నీ ఆ ఊట మొహం చూడని వాళ్ళవి. అలా ఆగిపోయిన చోట ఒకడు ప్రత్యక్షమవుతాడు. "కాగితాల సంగతి నాకొదిలెయ్యండి, వేలిముద్ర వేస్తే చాలు" అంటాడు. వాడు కాంట్రాక్టరు కావచ్చు, చోటా నాయకుడు కావచ్చు, బ్రోకరు కావచ్చు. పేరేదైనా వాడు చేసేది ఒకటే, చదవడం రాకపోవడాన్ని అమ్ముకోవడం.

ఇది ఈనాటి రోగం కాదు. 1922లో మన్యం ఎందుకు తిరగబడిందో చరిత్ర విద్యార్థులు చదివే ఉంటారు. అటవీ ఆంక్షలూ, పోడు మీద నిషేధమూ, ముఠాదార్ల అసంతృప్తీ అన్నీ కారణాలే. వాటితో పాటు మరో కారణం గూడెం డిప్యూటీ తహసిల్దారు బాస్టియన్ నర్సీపట్నం, లంబసింగి వైపు వేయించిన రోడ్డు పని. ప్రభుత్వం సొమ్ముతో జరిగే పని. మన్యం జనం చేత చేయించి కూలి సరిగా ఇవ్వలేదు. అడిగినవాళ్ళ మీద దౌర్జన్యం. అల్లూరి సీతారామరాజు వెనక నడిచినవాళ్ళలో ఆ రోడ్డు మీద చెమటోడ్చినవాళ్ళు ఉన్నారు. మంజూరైన కూలి ఎంతో, తమ చేతికి వస్తున్నదెంతో తెలుసుకునే దారి వాళ్ళకి లేదు. నూరేళ్ళు గడిచాయి. అడిగే దారి ఇప్పుడు ఉంది. దాని సంగతికే వస్తున్నాను.

1985లో అప్పటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ ఇవే తూర్పు కనుమల్లోని కలహండి వెళ్ళి వచ్చిన తరువాత, కేంద్రం రూపాయి పంపితే పేదవాడికి చేరేది పదిహేను పైసలేనన్న మాట దేశమంతా మోగింది. ఆ మాట ఇప్పటికీ ప్రతి వక్తృత్వపు పోటీలోనూ వినిపిస్తుంది. నా వృత్తి బుద్ధి కొద్దీ నాకొకటి తోస్తుంది. ఆ లెక్క పైనుంచి కిందికి చూసి చెప్పిన లెక్క. పదిహేను అందాయో ఇరవై అందాయో అందుకున్న వాణ్ణి ఎవరడిగారు? తన పేర ఎంత బయలుదేరిందో తెలియనివాడు ఎంత దారి తప్పిందో ఎలా చెబుతాడు? కాబట్టి ఎన్ని పైసలు అందాయన్న ప్రశ్నకన్నా ముందు, లెక్క ఎవరికి వినిపించారన్న ప్రశ్న అడగాలి.

చట్టం ఆ ప్రశ్నకి సమాధానం ఎప్పుడో చెప్పింది. 1996లో పార్లమెంటు పెసా చట్టం చేసింది. అయిదో షెడ్యూలు ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరించే చట్టం అది. మన రాష్ట్రం 1998లో తన పంచాయతీ చట్టాన్ని దానికి అనుగుణంగా సవరించుకుంది. 2011లో నియమాలు చేసింది. ఈ చట్టం దృష్టిలో గ్రామం అంటే పది పదిహేను గూడేలు కలిపి కాగితం మీద గీసిన పంచాయతీ కాదు. ఒక సముదాయం తన ఆచారాల ప్రకారం తన వ్యవహారాలు తాను చూసుకునే నివాసం, అంటే గూడెమే. ఆ గూడెం గ్రామసభ ఆమోదించాకే పథకాలు అమలు కావాలి. లబ్ధిదారుల్ని గుర్తించవలసింది ఆ సభే. నాలుగో సెక్షను 'ఎఫ్' క్లాజులో ఇంకో మాట ఉంది, అదీ అసలైనది. పంచాయతీ ఆ పథకాలకు డబ్బు ఖర్చు పెట్టాక, ఆ వినియోగానికి ధ్రువపత్రం గ్రామసభ దగ్గరే పుచ్చుకోవాలి.

మిత్రులారా, ఈ వాక్యాన్ని నెమ్మదిగా మరొక్కసారి చదవండి. ఎక్కడో పై మెట్టు మీద తయారయ్యే యు.సి. ఉందే, అది లేనిదే రెండో విడత కదలదన్న కాగితం, ఆ కాగితానికి ఆధారం గూడెం ఇవ్వాలి. అక్షరం రాని ముసలమ్మ కూడా ఆ సభలో సభ్యురాలే. ఆమె "పైపు రాలేదు" అంటే ఆ పత్రం పుట్టకూడదు. ఇంత బలమైన ఆయుధం ఈ దేశంలో మైదానపు రైతుకు సైతం లేదు.

మరి జరుగుతున్నదేమిటి? తీర్మానం పుస్తకం గూడెంలో ఉండదు. అది ఎవరి సంచీలోనో, ఎవరి బీరువాలోనో ఉంటుంది. సంతరోజున టీకొట్టు దగ్గర పదిమంది చేత సంతకాలు, వేలిముద్రలు వేయిస్తారు. పైన ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ తరువాత నిండుతుంది. చట్టం చెప్పిన గ్రామసభ అలా టీకొట్టు దగ్గర ముగిసిపోతుంది.

నేను చూసిన ఒక్క ఉదాహరణ చెబుతాను. గూడెం పేరు, ఆఫీసు పేరు అక్కర్లేదు, అలాంటివి చాలా ఉన్నాయి. అక్కడ గ్రావిటీ పథకం పూర్తయిందని కాగితం చెప్పింది. గూడెం మొదట్లో ఉన్న కుళాయికి నీళ్ళు వస్తున్నాయి, చివరి వీధికి రావు. ఏమిటంటే "ఊటలో నీరు చాల్లేదు" అన్నారు. ఇంటర్ తప్పి ఇంటి దగ్గరున్న ఒక అమ్మాయి చేత సమాచార హక్కు దరఖాస్తు రాయించాం. మన రాష్ట్రంలో ఆ దరఖాస్తుకు గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10. ముప్ఫై రోజులు దాటాక అంచనా నకలు, కొలతల పుస్తకం నకలు చేతికొచ్చాయి. పైపు పొడవు మీటర్లలో రాసి ఉంది. మీటరంటే ఎంతో ఆ అమ్మాయి ఒక తాడు మీద ముడులు వేసి చూపించింది. ఆడవాళ్ళంతా ఆ తాడు పట్టుకుని ఊట నుంచి కుళాయి దాకా కొలుచుకుంటూ దిగారు. రాసిన పొడవుకీ పాతిన పొడవుకీ పొత్తు కుదరలేదు. తరువాతి గ్రామసభలో ఒక పెద్దావిడ లేచి, "బాబూ, ఊటలో నీరు చాల్లేదన్నారు. మేం కొలిస్తే పైపు చాల్లేదు" అంది. ఎవరూ అరవలేదు, ఎవరినీ నిలదీయలేదు. తాడు మాత్రం సభ మధ్యలో పెట్టారు. మిగిలిన పైపు వచ్చిందా అని అడుగుతారేమో, కొంత వచ్చింది. చివరి మూడిళ్ళకి ఇంకా రాలేదు. కానీ ఆనాటి నుంచి తీర్మానం పుస్తకం ఆ గూడెంలోనే, ఒక ఇంటి అటక మీద ఉంటోంది. నా దృష్టిలో పైపుకన్నా అది పెద్ద విజయం.

ఇలాంటివి ఇతరత్రా పెద్దయెత్తున జరిగాయి కూడా. రాజస్థాన్ పాలీ జిల్లా కోట్ కిరానాలో 1994 డిసెంబరులో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు కరువు పనుల లెక్కల్ని ఊరి జనం మధ్య బహిరంగంగా చదివి వినిపించారు. ఫలానా పనికి ఫలానావారు కూలికి వచ్చారని చదువుతుంటే, ఆ ఫలానావారు అక్కడే కూర్చుని "నేనా? ఎప్పుడు?" అన్నారు. అక్కడ మొదలైన కదలిక 2005 నాటి సమాచార హక్కు చట్టం దాకా నడిచింది. మన రాష్ట్రంలోనూ ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టి, 2009లో దానికోసం ఒక సంస్థనే ఏర్పాటు చేశారు. ఊరి కుర్రాళ్ళే మస్టరు పట్టుకుని ఇంటింటికీ తిరిగి సరిచూశారు.

సముద్రాలు దాటితే ఉగాండా ఉంది. 1991–95 మధ్య బళ్ళ నిర్వహణకు ప్రభుత్వం పంపిన గ్రాంటులో సగటున నూటికి 13 వంతులే బడిదాకా చేరిందని పరిశీలనలో తేలింది. అక్కడి ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపామో పత్రికల్లో వేయడం, బడి గోడకు అంటించడం మొదలుపెట్టింది. 2001 నాటికి చేరేది నూటికి 80 దాటింది. చేరవలసిన వాడికి చేరవలసిన మొత్తం ఎంతో తెలియడం ఆ మార్పులో పెద్ద పాత్ర వహించిందని పరిశోధకుల మాట.

దూరం ఎందుకు, మన అనంతగిరి మండలం నిమ్మలపాడు సంగతే తీసుకోండి. బొర్రా ప్రాంతంలో గిరిజనుల భూముల్ని గనులకు లీజుకివ్వడం చెల్లదని మొదలైన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1997 జూలైలో సమతా తీర్పుగా దేశానికంతకీ దారి చూపింది. అది కూడా కాగితాన్ని కాగితంతో ఎదుర్కోవడమే.

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డు ప్రశ్నలు వేస్తారు. వాళ్ళ ప్రశ్నలు తేలికైనవి కావు.

మొదటిది, చదువురాని వాళ్ళ చేతికి డబ్బూ లెక్కలూ ఇస్తే నిలుస్తాయా అని. అరకు సంతకి వెళ్ళి ఒక పూట నిలబడి చూడండి. రాజ్‌మా ఏ ధర, మిరియం ఏ ధర, షావుకారు తక్కెట్లో ఎంత తేడా, కిందటేడు బాకీ ఎంత, అన్నీ నోటిలెక్కే. కాఫీ వేసిన రైతుకి ఎన్ని గోతులు తీశాడో, ఎన్ని మొక్కలు బతికాయో, పండు కోత కూలికి ఎంత పోయిందో కాగితం లేకుండా తెలుసు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ ఆ నోటిలెక్కల మీదే పెరిగింది. పొదుపు సంఘాల్లో ఆడవాళ్ళు వారం వారం కట్టిన సొమ్ము, ఇచ్చిన అప్పు, వడ్డీ, పైసాతో సహా చెబుతారు. లెక్క వాళ్ళకి వచ్చు. రానిది మన లెక్కల భాష. ఈ రెంటికీ తేడా తెలియక మనం వాళ్ళని అమాయకులంటున్నాం.

రెండో ప్రశ్న ఇంకా ఘాటుగా ఉంటుంది. "గిరిజన సర్పంచి తినడం లేదా? వాళ్ళలో వాళ్ళే తినేస్తుంటే ఎవరేం చేస్తారు?" తింటున్నవాళ్ళు ఉన్నారు, కాదనను. కంచే చేను మేయడానికి కులమూ తెగా అడ్డురావు. అందుకే నేను నాయకులకు శిక్షణ ఇవ్వాలని అనడం లేదు. ఒక్క మనిషికి ఫైళ్ళ విద్య నేర్పితే మరో దళారి తయారవుతాడు, అదీ మన చేతి మీదుగా. నేర్పవలసింది సభకి. లెక్క చదివే పని ఇద్దరు ముగ్గురు చేసినా వినే పని, ఒప్పుకునే పని, కాదనే పని గూడెం మొత్తానిది కావాలి.

మూడో ప్రశ్న ఎవరూ అడగరు, నేనే అడుగుతున్నాను. సాయం చేయడానికి కొండెక్కే మన సంగతేమిటి? షావుకారు పోయి కాంట్రాక్టరు వచ్చాడు. కాంట్రాక్టరుకు పోటీగా చదువుకున్న పరోపకారి వచ్చాడు. ఈయన మంచివాడు, డబ్బు తినడు. దరఖాస్తు తానే రాస్తాడు, ఆఫీసుకి తానే వెళ్తాడు, అధికారితో ఇంగ్లీషులో తానే మాట్లాడతాడు, పాస్‌బుక్కులు భద్రంగా తన సంచీలోనే పెడతాడు. పని జరుగుతుంది. ఆయన ఉద్యోగం మారి ఊరు విడిచిన మర్నాటి నుంచి ఏదీ జరగదు. గూడెం ఎక్కడుందో అక్కడే ఉంటుంది, పైగా "బాబుగారు లేరు" అనే కొత్త బెంగ ఒకటి. మంచితనంతో చేసినా పరాధీనత పరాధీనతే.

అందుకని ఈ పనికి దిగే విద్యార్థులు ముందు నాలుగు 'వద్దు'లు ఒప్పుకోవాలంటాను. గూడెం డబ్బు ఒక్క రాత్రి కూడా మన దగ్గర ఉండవద్దు. పాస్‌బుక్కు గానీ తీర్మానం పుస్తకం గానీ మన సంచీలోకి రావద్దు. గూడెంలో ఒక్కరైనా తిరిగి చదివి చెప్పలేని దరఖాస్తు మనం రాయవద్దు. గూడెం మనిషి లేకుండా మనం ఒంటరిగా ఏ ఆఫీసు మెట్టూ ఎక్కవద్దు. ఈ నాలుగూ పాటిస్తే పని నిదానంగా సాగుతుంది. సాగనివ్వండి.

చేయవలసినవి కూడా చెబుతాను, ఉత్త నీతులు చెప్పి తప్పుకోవడం సావనీరు వ్యాసాలకు అలవాటన్న అపకీర్తి నాకు వద్దు. మన కళాశాల ఒక్క పంచాయతీని, అందులోని గూడేలన్నిటినీ, మూడేళ్ళకు తీసుకోవాలి. దత్తత అనే మాట నాకు నచ్చదు, వాళ్ళు అనాథలు కారు. 'జత' అనండి. ప్రతి గూడెంలోనూ పదో తరగతో ఇంటరో చదివి ఇంటి దగ్గరున్న ఇద్దరమ్మాయిల్ని, ఒకబ్బాయిని గ్రామసభ చేతనే ఎన్నిక చేయించాలి. కామర్సు విద్యార్థులు వాళ్ళతో కూర్చుని క్యాష్‌బుక్కు, వోచరు, మస్టరు చదవడం నేర్పాలి. ఇంజనీరింగు మిత్రులు అంచనాను, కొలతల పుస్తకాన్ని తాడుతో, కర్రతో కొలిచి సరిచూసుకునే పద్ధతి చెప్పాలి. న్యాయశాస్త్రం వాళ్ళు పెసా, అటవీ హక్కులు, సమాచార హక్కు చట్టాల్లోని పది వాక్యాలు ఏరి ఇవ్వాలి, పదికి మించి వద్దు. తెలుగు శాఖవారికి అన్నిటికన్నా కష్టమైన పని ఉంది. ఆ పది వాక్యాల్ని ఇంటి మాటల్లోకి తేవాలి, గూడెం పిల్లలు వాటిని కువిలోకీ అడివి ఒరియాలోకీ మార్చుకునేటట్టు.

పథకం రేటు వెనక కొండ ఖర్చును రాసిపెట్టడం కూడా ఈ పనిలో భాగమే. జన్‌మన్ కింద ఇంటికి 2 లక్షల 39 వేల రూపాయలని నిర్ణయించారు. రోడ్డు పక్క ఊరికీ, సిమెంటు బస్తా తలమీద పెట్టుకుని రెండు గంటలు ఎక్కవలసిన గూడేనికీ అదే రేటు. బస్తా మోతకు ఎంత, ఇసుక మోతకు ఎంత అని గూడేలు లెక్కకట్టి తీర్మానంతో పంపితే అది అర్జీ కాదు, సాక్ష్యం. అలాగే పని కాలం. మన కొండల్లో జూన్ నుంచి అక్టోబరు దాకా వాన. నవంబరు నుంచి కాఫీ కోత. డబ్బు ఫిబ్రవరిలో దిగి, మార్చి 31 లోపల ఖర్చు కావాలంటే జనం చేతిలో పని ఉండదు, కాంట్రాక్టరు యంత్రమే దిగుతుంది. ఏ నెలలో డబ్బు కావాలో చెప్పే హక్కు గూడేనికి ఉండాలి. ఆ మాట తీర్మానంగా ఏటా ముందే పైకి వెళ్ళాలి.

ఈ ఏర్పాట్లలో దేనికీ నోచుకోని గూడేలు కూడా ఉన్నాయి, వాటిని మరవకండి. అనకాపల్లి జిల్లా వైపు కొండ దిగువన రోలుగుంట, రావికమతం, చీడికాడ, దేవరాపల్లి మండలాల్లో గిరిజనులున్నా షెడ్యూలులో చేరని గూడేలు ఎన్నో. అదే తెగ, అదే కొండ, అదే డోలీ. గీతకు ఇవతల ఉన్నారు కాబట్టి పెసా వర్తించదు. వాళ్ళ మొదటి కాగితం పైపు కోసం కాదు, తమ గూడేన్ని షెడ్యూలులో చేర్చమని అడగడం కోసం. ఆ తీర్మానాలు రాయడం నేర్పడానికి మన బస్సుకి ఘాటురోడ్డు కూడా అక్కర్లేదు.

మూడేళ్ళ తరువాత మనం వచ్చేయాలి. వచ్చేటప్పుడు ఒక్క పరీక్ష పెట్టుకోవాలి. మనం లేని నాడు గ్రామసభ జరిగిందా? తీర్మానం పుస్తకం గూడెంలో ఉందా? పోయిన ఏడాది ఆ గూడెం పేర ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని పశువులు కాసే కుర్రాణ్ణి అడిగితే చెప్పగలిగాడా? చెప్పగలిగితే పాసయ్యాం. లేకపోతే ఎన్ని ఫొటోలు తీయించుకున్నా, ఎన్ని సర్టిఫికెట్లు పుచ్చుకున్నా ఫెయిలయినట్టే.

ఇదంతా పెద్ద త్యాగమేమీ కాదు. ఉద్యోగాలు మానుకోమనడం లేదు, తుపాకులు పట్టమనడం లేదు. మనం పరీక్షల కోసం బట్టీపట్టిన విద్యనే, జమా ఎడమవైపు, ఖర్చు కుడివైపు అన్నదాన్నే, దాని అవసరం ప్రాణావసరమైన చోటికి తీసుకెళ్ళమంటున్నాను. కొండమీద వాళ్ళు మనల్ని దయ అడగడం లేదు. వాళ్ళ పేర వచ్చిన సొమ్ము లెక్క వాళ్ళ ముందు చదవమంటున్నారు. అది చట్టం వాళ్ళకిచ్చిన హక్కు. చదివి వినిపించడం మొదలుపెడదాం. తరువాత వాళ్ళే చదువుతారు, మనం వెనక వరసలో కూర్చుని విందాం.